ఆ 'టక్' చప్పుడు కోసం

మూడో సెట్. స్కోరు 22-21. మా సెట్టర్ బాల్‌ని కాస్త వెనక్కి లేపాడు. వదిలేసి అవతలికి తోసేస్తే సరిపోయేది. కానీ దసరా టోర్నమెంట్ అది, కోర్టు చుట్టూ ఊళ్లో సగం మంది ఉన్నారు. గాల్లోనే ఒళ్లు విల్లులా వెనక్కి వంచి, పక్కకి తిరిగి కొట్టాను. పాయింట్ వచ్చింది. నేను మాత్రం రెండు కాళ్ల మీద దిగాల్సింది, కుడికాలి మీద ఒంటరిగా దిగాను.

నడుంలో కుడిపక్కన ఎవరో మేకు దిగ్గొట్టినట్టు అనిపించింది. అప్పటికి ఆడేశాను. ఒళ్లు వేడి మీద ఉన్నప్పుడు ఏదీ తెలియదు కదా. ఇంటికొచ్చి స్నానం చేసి, చొక్కా తొడుక్కుందామని చెయ్యెత్తాను. అంతే. చెయ్యి పైనే ఉండిపోయింది, నోట్లోంచి మాట రాలేదు. మర్నాడు పొద్దున్న మంచం మీంచి లేవడానికి పది నిమిషాలు పట్టింది. అది కూడా పక్కకి దొర్లి, పాకి, గోడ పట్టుకుని.

ఇది 2024 అక్టోబర్ సంగతి. మామూలు రోజుల్లో అయితే నెల్లాళ్లు ఆట మానేసి ఊరుకునేవాణ్ని. కానీ నేను కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం చూస్తున్నవాణ్ని. 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాశాం. పాసయ్యాం. ఆ తర్వాత ఈవెంట్స్ ఆగిపోయాయి. దాదాపు రెండేళ్లు పొద్దున్నే లేచి కాలువగట్టు మీద పరిగెత్తడం, సాయంత్రం ఆడుకోవడం, మధ్యలో 'ఏరా, నీ పోలీసు ఉద్యోగం ఏమైంది' అన్నవాళ్లకి సమాధానం చెప్పడం. ఇదే పని. తీరా డిసెంబర్ చివర్లో ఈవెంట్స్ అని వినపడే సమయానికి నడుం పట్టేసింది. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. దెబ్బకి ముందు 6 నిమిషాల 10 సెకన్లలో కొట్టేవాణ్ని. ఇప్పుడు బాత్రూమ్‌కి వెళ్లి రావడానికే 8 నిమిషాలు పడుతోంది.

నడుం పట్టేసిందని తెలిస్తే మన ఊళ్లలో ప్రతి ఒక్కరూ డాక్టరే. మేనమామ ఫోన్ చేసి 'పుత్తూరు తీసుకెళ్లిపోదాం' అన్నాడు. అది తిరుపతి దగ్గర ఉంది మావయ్యా, పైగా అక్కడ ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి వెదురుబద్దలతో కట్టేది విరిగిన ఎముకకి, నాకు ఎముక విరగలేదు అంటే వినడే! 'వందేళ్ల పైబడిన కట్టురా అది' అంటాడు. నిజమే, కాదనను. నాన్న మెడికల్ షాపుకెళ్లి ఒక బెల్టు, నాలుగు మాత్రలు తెచ్చారు. మా మామ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు.

'ఎదురుకాళ్లతో పుట్టినోడు తంతే పోద్దిరా. పక్కింటోడు ఉన్నాడు కదా, రమ్మను' అంది.

పక్కింటోడు పదో తరగతి. రోజూ కోర్టులో నా చేత తిట్లు తినే కుర్రాడు. తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి వచ్చాడట. ఆ అర్హత ఒక్కటీ చాలు. నన్ను బోర్లా పడుకోబెట్టి, మెల్లిగా మూడుసార్లు తన్నరా అంది మామ్మ. మెల్లిగా అన్న మాట వాడికి వినపడలేదు. ఏడాది పగ తీర్చుకున్నాడు. తర్వాత మామ్మ నా తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతల మీద పెట్టుకుని మెటికలు విరిచింది. పటపటమని పది వేళ్లూ విరిగాయి.

'చూశావా ఎంత దిష్టో!' అంది తృప్తిగా.

అప్పుడు నవ్వుకున్నాను గానీ, తర్వాత నెలలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా అచ్చంగా ఇదే. మెటికల చప్పుడు విని దిష్టి పోయిందని మామ్మ నమ్మింది. నేను అదే చప్పుడు కోసం టికెట్ కొనుక్కుని మరీ వెళ్లాను.

ఎలాగంటారా? ఫోన్. పడుకుని ఏం చేస్తాం? రీల్స్ చూస్తాం. 'బ్యాక్ పెయిన్' అని ఒక్కసారి వెతికాను. ఇక అక్కడ్నుంచి నా ఫోన్ నిండా వెన్నుపూసలే. తెల్లకోటు వేసుకున్నాయన ఒకాయన్ని పక్కకి తిప్పి పడుకోబెడతాడు, భుజం ఇటు, తుంటి అటు, ఒక్క తోపు... టక్ టక్ టక్. మైకు పెట్టి మరీ వినిపిస్తారు ఆ చప్పుడు. పడుకున్నాయన కళ్లు తెరిచి నవ్వుతాడు. కొందరు ఏడుస్తారు. తలకి తువ్వాలు చుట్టి లాగితే ఒక పెద్ద చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా నడుం నాకు తెలియకుండానే 'నాకూ, నాకూ' అనేది. దీన్నే కైరోప్రాక్టిక్ అంటారని అప్పుడే తెలిసింది.

మా ఫ్రెండొకడు ఒక సెంటర్ అడ్రస్ పంపాడు. ఊరి పేరు, సెంటర్ పేరు చెప్పను. పెద్ద ఊరే. బెల్టు బిగించుకుని, ద్వారపూడి మీదుగా రాజమండ్రి వెళ్లి, అక్కడ రైలెక్కాను. బెర్త్ దొరకలేదు. కూర్చుని వెళ్లడం కంటే నిలబడి వెళ్లడమే సుఖంగా ఉంది కాబట్టి నిలబడే వెళ్లాను.

అక్కడ నన్ను అడిగిన ప్రశ్నలు రెండు. ఎక్కడ నొప్పి? పేమెంట్ యూపీఐనా, క్యాషా? 1,500 కట్టాను. పడుకోమన్నారు. వీడియోలో చూసినట్టే భుజం ఇటు, తుంటి అటు, ఒక్క తోపు. టక్! అబద్ధమెందుకు, ఆ క్షణం అద్భుతంగా ఉంది. పది రోజులుగా బిగుసుకున్నదేదో ఒక్కసారి వదిలినట్టయింది. ఇంకా ఆ ఆనందంలోనే ఉండగా, నా గడ్డం పట్టుకుని మెడ ఒక్క తిప్పు తిప్పాడు. టక్. నా మెడకేం నొప్పి లేదు. తిప్పుతున్నానని చెప్పలేదు, తిప్పమంటావా అని అడగలేదు. 'వెన్నుపూస పక్కకి జరిగింది, లైన్లో పెట్టాను, మొత్తం పది సిట్టింగులు పడతాయి, ప్యాకేజ్ 12,000' అన్నాడు.

బయటికొచ్చి వంగి షూ లేస్ కట్టుకున్నాను. పది రోజుల తర్వాత మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్నకి ఫోన్ చేసి 'తగ్గిపోయింది నాన్నా' అన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, తెల్లారుజామున నాలుగున్నరకి కాలువగట్టు మీద ఉన్నాను. మెల్లిగా రెండు రౌండ్లు చాలనుకున్నాను. బాగానే ఉంది కదా అని నాలుగు వేశాను. చివరి రెండొందల మీటర్లు స్ప్రింట్ కొట్టాను.

మర్నాటికి నడుమే కాదు, కుడి పిరుదు దాకా లాగేస్తోంది.

ఇందులో ఆయన తప్పెంత, నా తప్పెంత అని తర్వాత చాలాసార్లు లెక్కేశాను. ముందు ఏదీ పరీక్షించకుండా చెయ్యెయ్యడం, అడక్కుండా మెడ తిప్పడం ఆయన తప్పు. చప్పుడు వచ్చింది కాబట్టి నయమైపోయిందనుకుని పరిగెత్తడం పూర్తిగా నాదే.

ఇంట్లో మళ్లీ పంచాయితీ. ఎమ్మారై తీయిద్దామని మావయ్య, రైలెక్కి మిగతా తొమ్మిది సిట్టింగులకి వెళ్లొద్దామని నేను. అమ్మ ఇద్దర్నీ పట్టించుకోకుండా, తన మోకాళ్లకి ఎక్సర్‌సైజులు నేర్పిన ఫిజియోథెరపిస్ట్ మేడమ్ దగ్గరకి నన్ను లాక్కెళ్లింది. మండపేటలోనే. ఇంటి నుంచి బండి మీద ఐదు నిమిషాలు. ఎక్కడో రీల్స్‌లో కనపడినవాడు గొప్పవాడు, బండి మీద ఐదు నిమిషాల దూరంలో ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. మనకుండే జబ్బే అది.

ఆవిడ మొదటి అరగంట నన్ను ముట్టుకోలేదు. అన్నీ ప్రశ్నలే. ఎలా దిగావు? నొప్పి కాలిలోకి దిగుతోందా? మోకాలు దాటి కిందికి వెళ్తోందా? తిమ్మిరి ఉందా? తర్వాత గొంతు తగ్గించి, అమ్మని కాస్త బయట కూర్చోమని, 'మూత్రం, విరేచనం కంట్రోల్‌లో ఉన్నాయా? తొడల మధ్య స్పర్శ తెలుస్తోందా?' అని అడిగింది. సిగ్గుతో చచ్చాను. అవి తేడాగా ఉంటే మాత్రం ఎక్సర్‌సైజులూ లేవు, ఏమీ లేవు, అదే గంటలో పెద్దాసుపత్రికి పరిగెత్తాలట, నరాలు నలిగిపోతున్నట్టు గుర్తట. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తింది. కాలి బొటనవేలు పైకి లేపమని, తను కిందికి నొక్కి బలం చూసింది. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టింది.

'నరం ఏమీ నొక్కుకోలేదు. కండరం, జాయింటు రేగాయి. నయం కావలసిందే అయిపోతోంది, నువ్వే మధ్యలో దాన్ని కెలుకుతున్నావ్' అంది.

'మరి వెన్నుపూస పక్కకి జరిగిందన్నారు మేడమ్?'

'జరిగితే నువ్వు నడిచి వచ్చేవాడివి కాదు బాబూ.'

ఎమ్మారై గురించి అడిగితే ఇప్పుడు అక్కర్లేదంది. నొప్పి అంటే ఏంటో తెలియని ఇరవై ఏళ్ల వాళ్లని తీసుకొచ్చి స్కాన్ తీసినా, దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనపడుతుందట. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో తేలిన లెక్క అది. 'ఆ రిపోర్టు చేతికొస్తే నువ్వు ఇంక పరిగెత్తవు, మంచం దిగవు' అంది. నా సంగతి పావుగంటలో ఎలా కనిపెట్టేసిందో!

నాకు మాత్రం ఒక అనుమానం తేలలేదు. జరగకపోతే మరి ఆ టక్ ఏంటి? నిజంగానే నొప్పి తగ్గింది కదా ఒక పూట?

ఆవిడ తన చూపుడువేలు పట్టుకుని లాగింది. టక్. 'ఇదే అది' అంది. కీలు లోపల జిగురులాంటి ద్రవం ఉంటుంది. కీలుని ఒక్కసారిగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ఆ ద్రవంలో వాయువు నిండిన చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఆ చప్పుడు దానిది. ఎముక ఎక్కడో ఉన్నది వచ్చి మరెక్కడో కూర్చున్న చప్పుడు కాదు. ఇంటికొచ్చి చదివాను, కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 2015లో వేలిని ఎమ్మారై మెషిన్‌లో పెట్టి, లాగి, ఆ ఖాళీ ఏర్పడటాన్ని వీడియోలా పట్టుకున్నారు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ విరగదు కదా, ఇరవై నిమిషాలైనా ఆగాలి. అదీ దీనివల్లే. మా మామ్మకి చెప్పాను. 'దిష్టి కూడా గాలేరా' అంది. ఆవిడతో పెట్టుకోలేం.

నొప్పి తగ్గడం అబద్ధం కాదట. అలా ఒక్క తోపు తోసినప్పుడు బిగుసుకున్న కండరం కాసేపు వదులుతుంది, నొప్పి సంకేతాలు కాసేపు మందగిస్తాయి. ఆ కాసేపట్లో మనం ఏం చేస్తామన్నదే అసలు విషయం. నేనేం చేశానో చెప్పాను కదా, స్ప్రింట్ కొట్టాను.

ఆవిడ కైరోప్రాక్టిక్‌ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు చేసి చూడమన్న వాటిలో కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌తో పాటు వెన్నుని చేత్తో సరిచేసే ఈ పద్ధతి కూడా ఉంది. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం ఉండే నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది, కొన్ని షరతులతో. అదే పుస్తకంలో ఎక్సర్‌సైజు చెయ్యమని ఉంది, నడుం బెల్టులు వద్దని కూడా ఉంది. నాన్న కొన్న 900 రూపాయల బెల్టు అటక మీదకి పోయింది.

అసలు ఈ విద్య పుట్టుకే ఒక సినిమా కథ. 1895 సెప్టెంబర్ 18న అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో, డి.డి. పామర్ అనే ఆయన తన ఆఫీసున్న బిల్డింగ్‌లో పనిచేసే హార్వీ లిల్లార్డ్ వీపు మీద ఒక తోపు తోశాడు. లిల్లార్డ్‌కి వీపు నొప్పి కాదు, చెముడు. ఆ తోపుతో చెవులు వినపడ్డాయని పామర్ చెప్పుకున్నాడు. వెన్నుకీ చెవికీ ఉన్న సంబంధం ఏంటో వైద్యశాస్త్రానికి ఇప్పటికీ దొరకలేదు. కానీ రెండేళ్లకే స్కూలు పెట్టేశారు. ఇప్పుడు అమెరికాలో దానికి కాలేజీలున్నాయి, ఏళ్ల చదువుంది, లైసెన్సుంది. ఇలాంటి చదువుకి కనీసం 4,200 గంటల శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే రాసింది.

మన దగ్గర చూడండి. ఫిజియోథెరపీకి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో చోటుంది. కైరోప్రాక్టిక్‌కి అలాంటి కౌన్సిల్ లేదు. విదేశాల్లో ఏళ్ల తరబడి చదివి వచ్చినవాళ్లూ ఉన్నారు, వారాంతం కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. బోర్డు చూసి తేడా తెలియదు. రీల్‌లో చప్పుడు ఇద్దరిదీ ఒకేలా వస్తుంది. నేను వెళ్లినాయన ఏం చదివాడో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. 1,500 పెట్టి చెప్పులు కొంటే ఏ కంపెనీ అని అడుగుతాం, వెన్నెముక అప్పజెప్పేటప్పుడు అడగలేకపోయాను.

మెడ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ ముఖం మారింది. మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు మెడ పూసల మధ్య నుంచే వెళ్తాయి. మెడని ఒక్కసారిగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. చాలా అరుదు. తిప్పడం వల్లే చిరిగిందా, అప్పటికే చిరుగు మొదలై ఆ మెడనొప్పితోనే వాళ్లు వచ్చారా అన్నది డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో చెప్పింది ఒక్కటే: మెడ తిప్పే ముందు ఈ సంగతి పేషెంటుకి చెప్పండి అని. చెప్పమనే కదా అన్నారు! ఇది విన్నాక కటింగ్ షాపులో తల మసాజ్ అయ్యాక అలవాటుగా గడ్డం పట్టుకోబోతే 'వద్దన్నా' అంటున్నాను. ఆయన కొంచెం బాధపడుతున్నాడు. పర్లేదు.

ఇక నా వైద్యం. ఎవరూ రీల్ తీయనంత బోరుగా ఉంటుంది. మొదటి వారం నడక. పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు. అదీ మామ్మ నడిచే స్పీడులో. తర్వాత మూడు ఎక్సర్‌సైజులు. చాప మీద నాలుగుకాళ్ల మీద ఉండి కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాచడం. పక్కకి తిరిగి మోచెయ్యి మీద ఒళ్లు లేపి పట్టడం. వెల్లకిలా పడుకుని నడుం కింద చేతులు పెట్టి తల, భుజాలు కొంచెం పైకెత్తడం. కెనడాలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పని చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసర్ ప్రచారంలోకి తెచ్చిన మూడు. చూడ్డానికి ఏమీ లేదు. పది సెకన్లు పడితే నా ఒళ్లు వణికిపోయేది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి 'అదేం కుస్తీరా' అనేది.

'మేడమ్, మీరు ఒకసారి టక్ మనిపించండి' అని అడిగాను మూడో రోజు. 'అవసరమైతే చేస్తాను' అంది. ఒకసారి బోర్లా పడుకోబెట్టి అరచేత్తో నడుం పూసల మీద మెల్లిగా ఊపుతూ నొక్కింది. చప్పుడేమీ రాలేదు. హాయిగా ఉంది. వెంటనే లేచి ఎక్సర్‌సైజు చెయ్యమంది. ఆవిడ పద్ధతి అది. చెయ్యి వేసి సందు చేస్తుంది, ఆ సందులో నన్ను దూరమంటుంది.

మూడో వారంలో పరుగు. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. పదికి మూడు లోపు నొప్పి ఉంటే పర్లేదు, మర్నాటి పొద్దున్నకి తగ్గిపోతే పర్లేదు, తగ్గకపోతే ముందు రోజు చేసినదానికే దిగిపోవాలి. రూల్ అంతే. వినడానికి తేలిక. కాలువగట్టు మీద మిగతా కుర్రాళ్లు నన్ను దాటుకుని పోతుంటే, ఫోన్‌లో టైమర్ చూసుకుంటూ నడవడం ఉంది చూశారూ, నడుం నొప్పి కంటే అది ఎక్కువ నొప్పి. 'ఏంటి బాబాయ్, వాకింగా?' అని ఒకడు. రెండుసార్లు రూల్ తప్పాను. రెండుసార్లూ రెండేసి రోజులు పోయాయి. మూడోసారి తప్పలేదు.

ఆ రోజుల్లో నేను ఫోన్‌లో చూసినవి మారాయి. మన సింధు 2022 ఆగస్టులో కామన్‌వెల్త్ గోల్డ్ కొట్టింది, ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో. అక్కడ్నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది, మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. ఐదు నెలలు. వెనకాల ఎంత టీమ్ ఉన్నా, ఎంత డబ్బున్నా ఎముక తీసుకునే టైమ్ ఎముక తీసుకుంది. (వాళ్ల నాన్న రమణగారు మా ఆట మనిషి. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టులో ఆడారు. మా కోర్టులో ఈ మాట కొత్తవాళ్లందరికీ ఒకసారి చెబుతాం.) గోపీచంద్‌కి 1994లో మోకాలు పోయింది, ఆపరేషన్లయ్యాయి, ఆల్ ఇంగ్లాండ్ గెలిచింది 2001లో. లెక్కేసుకోండి. నావి పదకొండు వారాలు. గొణగడానికి సిగ్గేసింది.

ఈవెంట్స్ డిసెంబర్ 30న మొదలయ్యాయి. నా వంతు జనవరిలో, కాకినాడలో వచ్చింది. తెల్లారకముందే లైన్లో నిలబెట్టారు. ఎత్తు, ఛాతీ కొలిచి చెస్ట్ నంబర్ ఇచ్చారు. నా చుట్టూ ఉన్న కుర్రాళ్లలో సగం మంది మోకాలికో, చీలమండకో టేపు చుట్టుకున్నారు. రెండేళ్ల వెయిటింగ్‌లో ఎవరి దెబ్బలు వాళ్లకి తగిలాయి. ఒకడు వాష్‌రూమ్ పక్కన నిలబడి నొప్పికి మాత్ర మింగుతూ 'ఇది నాలుగోది బ్రో' అన్నాడు. ఏమీ అనలేకపోయాను. మూడు నెలల క్రితం నాకా మాత్రలు దొరికుంటే నేనూ అంతే.

విజిల్ పడింది. అందరూ ఎగబడ్డారు. నా పాత అలవాటు కూడా ఎగబడమంది. మేడమ్ మాట గుర్తొచ్చింది: 'నీకు కావలసింది 8 నిమిషాలు. ఫస్ట్ ప్రైజ్ లేదు అక్కడ.' మొదటి రౌండులో వెనక నుంచి ఐదో వాణ్ని. మూడో రౌండులో నడుం కుడిపక్క చిన్నగా పలకరించింది. గుండె జారింది. అడుగు చిన్నది చేసి, పొట్ట బిగించి పరిగెత్తాను, ఆ చాప మీద వణికినప్పుడు బిగించినట్టే. అక్కడే ఆగింది నొప్పి, పెరగలేదు. 7 నిమిషాల 21 సెకన్లు.

సివిల్ పోస్టుకి 1600తో పాటు వంద మీటర్లు, లాంగ్ జంప్‌లో ఏదో ఒకటి గట్టెక్కితే చాలు. ఏపీఎస్పీకి అయితే మూడూ కావాలి. వంద 14.6లో వచ్చేసింది. 15 లోపు చాలు. లాంగ్ జంప్ పిట్ దగ్గర నిలబడ్డాను. 3.80 మీటర్లు. నాకు ఒకప్పుడు నాలుగున్నర. దూకితే ఏపీఎస్పీ కూడా చేతిలో ఉంటుంది. ఇసుక వంక చూస్తుంటే దసరా రోజు ఒంటికాలి మీద దిగిన నేనే కనపడ్డాను. దూకలేదు. అది సరైన పనా, పిరికిపనా నాకిప్పటికీ తేలలేదు. నాన్న ఇప్పటికీ భోజనాల దగ్గర ఆ మాట ఎత్తుతారు.

జూన్ 1న ఫైనల్ రాశాను. ఉద్యోగం రాలేదు. నడుం గట్టెక్కింది గానీ అరిథ్‌మెటిక్ దగ్గర జారిపోయాను. దానికి ఏ ఫిజియో లేరు.

ఒక్క సంగతి మాత్రం ఆలోచిస్తుంటే నవ్వొస్తుంది. ఇలాంటి నడుం నొప్పులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుముఖం పడతాయట. అంటే తగ్గే వారంలో మనం ఎవరి గుమ్మంలో ఉన్నామో పేరు వాళ్లకి పోతుంది. నేను ఆ పది సిట్టింగుల ప్యాకేజ్ తీసుకుని, పరిగెత్తకుండా ఉండి ఉంటే, ఈపాటికి మీకు ఆయన నంబర్ ఇస్తూ ఉండేవాణ్నేమో. తేడా ఒక్కచోటే ఉంది. ఆయన దగ్గర నేను చెయ్యాల్సింది పడుకోవడం. మేడమ్ దగ్గర చేసినదంతా నేనే చేశాను. ఇప్పుడు నడుం ఎప్పుడైనా బిగిస్తే ఎవరికీ ఫోన్ చెయ్యను, చాప పరుచుకుంటాను.

మొన్న ఆదివారం ఆటలో మా ఎదురుకాళ్ల కుర్రాడు బ్లాక్‌కి ఎగిరి అవతలివాడి కాలి మీద దిగాడు. చీలమండ మెలికపడింది. క్షణంలో చుట్టూ మూగారు. ఒకడు కాలు పట్టుకుని 'లాగితే టక్ మని కూర్చుంటుంది, పట్టుకోండ్రా' అంటున్నాడు. వాడి చెయ్యి తీసేశాను. చీలమండ రెండు పక్కలా ఎముక మీద, వెనకవైపు అంచున నొక్కి చూశాను. అక్కడ నొక్కితే అరిచినా, నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయించాలని మేడమ్ చెప్పింది. ఎముక మీద నొప్పి లేదు. 'లే, నాలుగడుగులు వెయ్యి' అన్నాను. మొహం చిట్లించుకుంటూ వేశాడు. ఐసు తెప్పించి, గుడ్డలో చుట్టి పెట్టి, బండి మీద ఇంటి దగ్గర దింపాను. రేపు పొద్దున్న మేడమ్ దగ్గరకి రమ్మన్నాను.

'ఎందుకన్నా ఆవిడ దగ్గరకి? నీ నడుం తగ్గింది నా తన్నుకే కదా' అన్నాడు.

గుమ్మంలో మా మామ్మ. వాడి కాలు చూసి, అప్పటికే రెండు చేతులూ కణతల దగ్గర పెట్టుకుని నిలబడింది.